పుట్టబోయే పిల్లలకు పేర్ల జాబితా ఇప్పటినుంచే ఎలా కూర్చుకోవాలి

పిల్లలు ఇంకా పుట్టకపోయినా, అసలు పెళ్ళే కాకపోయినా, చాలామంది మనసులో కొన్ని పేర్లు ఉంటాయి. ఎక్కడో విన్నవి, ఏదో పుస్తకంలో కనిపించినవి, నచ్చి దాచుకున్నవి. ఆ ఇష్టాన్ని చాదస్తం అనుకోకండి. తీరా పేరు పెట్టాల్సిన సమయానికి ఇల్లంతా హడావిడిగా ఉంటుంది, తల్లిదండ్రులకు నిద్ర ఉండదు, పలకరించిన ప్రతివాళ్ళూ ఒక సలహా ఇస్తారు. నిదానంగా ఆలోచించే వీలు ఉన్నది ఇప్పుడే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. పేరును కంటితో ఎంచుకుంటే పొరపాటు పడతాం. తెరమీద అందంగా కనిపించిన పేరు నోట్లోకి వచ్చేసరికి ఇంకోలా ఉంటుంది. పేరును రాసే సందర్భాలకంటే పిలిచే సందర్భాలే ఎక్కువ, అదీ ఎక్కువగా మనం కాక వేరేవాళ్ళు పిలిచేవి. కింద చెప్పే పద్ధతిలో నోటికీ చెవికీ ఎక్కువ చోటు ఇచ్చింది అందుకే.

1. ముందు పోగుచెయ్యండి, తూకం వెయ్యకండి

ఒక నోట్‌బుక్కో, ఫోన్‌లో ఒక పేజీయో దీనికోసమే పెట్టుకోండి. నచ్చిన పేరు కనిపించగానే రాయండి. పక్కనే మూడు సంగతులు రాయండి: ఎక్కడ విన్నారు, ఎప్పుడు, ఎందుకు నచ్చింది. ఈ మూడోది తప్పకుండా రాయాలి. రెండేళ్ళ తరవాత పేరు గుర్తుంటుంది గానీ కారణం గుర్తుండదు. కారణం లేని పేరును ఎవరైనా కాదంటే నిలబెట్టుకోలేరు. పిల్లలు పెద్దయ్యాక "నాకీ పేరెందుకు పెట్టారు" అని అడిగి తీరతారు. అప్పుడు చెప్పడానికి మీ చేతిరాతే ఉంటుంది.

ఎక్కడ వెతకాలి అంటే, ఇంటర్నెట్ జాబితాలను చివరికి ఉంచమంటాను. ముందు మీ వంశంలోకి వెళ్ళండి. తాతమ్మల, ముత్తాతల పేర్లు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. ఇప్పుడు ఎవరూ పెట్టనివి, పొట్టిగా, గట్టిగా ఉండేవి రెండు మూడైనా దొరుకుతాయి. తరవాత మీకు ఇష్టమైన రంగంలోకి వెళ్ళండి. సంగీతం ఇష్టమైతే మోహన, కల్యాణి, భైరవి, శ్రీరంజని, అన్నీ రాగాలే. ఆకాశం ఇష్టమైతే రోహిణి, చిత్ర, స్వాతి ఉన్నాయి. మనం రోహిణి అనే చుక్కను ఖగోళశాస్త్రంలో ఆల్డెబరన్ అంటారు, చిత్రను స్పైకా అంటారు, స్వాతిని ఆర్క్‌ట్యూరస్ అంటారు. మూడూ మామూలు కంటికి కనిపించే ప్రకాశవంతమైన నక్షత్రాలు. "అదిగో, నీ పేరు" అని బిడ్డకు వేలుపెట్టి చూపించగలిగిన పేరు మీద నాకు ప్రత్యేకమైన మక్కువ.

ఈ దశలో ఏ పేరునీ కొట్టెయ్యకండి. ముప్ఫై నలభై పేర్లు చేరేదాకా ఆగండి.

2. ప్రతి పేరునూ నోటితో పరీక్షించండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సిన అడుగు ఇది. తలుపు వేసుకుని అయినా సరే, పైకి అనండి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు.

మొదట దూరం నుంచి పిలిచినట్టు కేక వెయ్యండి. తెలుగులో పిలిచేటప్పుడు పేరు చివరి అచ్చు సాగుతుంది: కమలా, రవీ, వేణూ. అచ్చుతో ముగిసే పేర్లకు ఈ సుఖం ఉంది, గొంతు హాయిగా సాగుతుంది. రోహన్, కిరణ్, ఆదిత్ లాంటి హల్లుతో ముగిసే పేర్లకు చివర సాగే చోటు లేదు. అందుకే అరిచి పిలిస్తే "రోహాన్" అని మధ్యలో సాగుతుంది. అలాంటి పేరు పెట్టకూడదని కాదు. మీ నోట అది ఎలా మారుతుందో విని, ఆ మారిన రూపం కూడా నచ్చిందో లేదో చూసుకోండి.

తరవాత మామూలు వాక్యాల్లో పెట్టండి. రోజంతా మనం పేరును ఒంటరిగా అనం. విభక్తులు తగిలించి అంటాం. "మైథిలితో ఆడుకో", "మైథిలికి అన్నం పెట్టు", "మైథిలిని నిద్రలేపు", "ఇది మైథిలిది". ఎక్కడా తట్టుకోలేదు కదా. ఇప్పుడు "రోహిత్‌తో ఆడుకో" అనండి. రెండు తకారాలు అతుక్కుపోతాయి. "వినోద్‌తో" అంటే దకారం కూడా తకారంలా వినిపిస్తుంది. పెద్దవాళ్ళు చాలామంది హల్లు చివర ఒక ఉకారం చేర్చి "రోహితు", "కిరణు" అంటారు. ఇంట్లో అమ్మమ్మ నోట ఆ పేరు అలాగే స్థిరపడుతుంది. ఐస్లాండ్‌లో అయితే ఇది చట్టం దాకా వెళ్ళింది. అక్కడ 1991లో ఏర్పడిన పేర్ల సంఘం ఒకటి ఉంది. కొత్త పేరును ఆమోదించే ముందు ఆ పేరు వాళ్ళ భాషలోని షష్ఠీ ప్రత్యయాన్ని తీసుకోగలదా అని చూస్తుంది. మనకు అలాంటి సంఘం లేదు కాబట్టి ఆ పరీక్ష మనమే చేసుకోవాలి.

కోపంగా ఒకసారి, ముద్దుగా ఒకసారి, అలిసిపోయిన గొంతుతో ఒకసారి అనండి. నాలుగైదు అక్షరాల పేరు కోపంలో పూర్తిగా రాదు. సగంలో తెగుతుంది. ఆ సగమే రేపు వాడుక పేరు అవుతుంది. కాబట్టి పెద్ద పేరు ఎంచుకునేటప్పుడు దాన్ని లోకం ఎక్కడ విరుస్తుందో ఊహించి, ఆ ముక్క కూడా నచ్చితేనే ఉంచండి. "నా బిడ్డను ఎవరూ పొట్టిపేరుతో పిలవకూడదు" అని పట్టుబట్టినా బడిలో పిల్లలు వినరు. పూర్తిగా పలకాలని మీకు అంత పట్టుదల ఉంటే రెండు మూడు అక్షరాల పేరే పెట్టండి.

ఏ అక్షరాలు ఏ నోట తిరగవో కూడా చూడండి. ఒత్తక్షరాలు మామూలు మాటల్లో తేలిపోతాయి, ధరణి "దరణి" అవుతుంది. శ, ష, స తేడా చాలామంది పాటించరు. "ప్రజ్ఞ"ను మనలోనే తలా ఒక రకంగా పలుకుతారు. ఋకారాన్ని మనం "రు" అంటాం, హిందీవాళ్ళు "రి" అంటారు. కాబట్టి ఋషి, కృతి, ఋత్విక్ లాంటి పేర్లున్నవాళ్ళు జీవితమంతా రెండు రూపాల్లో వినిపిస్తారు. చిన్నపిల్లలకు రకారం ఆలస్యంగా పలుకుతుంది. పేరులో రెండు మూడు రకారాలుంటే ఆ బిడ్డ తన పేరు తాను సరిగ్గా చెప్పుకోవడానికి కొన్నేళ్ళు పట్టవచ్చు. నా దృష్టిలో ఇది పేరు మానుకోవాల్సినంత కారణం కాదు, తెలిసి ఉండాల్సిన సంగతి మాత్రమే.

బిడ్డ వైపు నుంచి చూస్తే ధ్వనికి ఇంకో విలువ ఉంది. శిశువులు నాలుగున్నర నెలల వయసుకే తమ పేరు వినిపిస్తే, అదే ఊనికతో పలికే వేరే పేర్లకంటే దానివైపు ఎక్కువసేపు చెవి పెడతారని 1995లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. అర్థం తెలియక ముందే వాళ్ళకు అందేది ఆ ధ్వనే.

3. అర్థాన్ని నిఘంటువులో చూడండి

పేర్ల వెబ్‌సైట్లలో ప్రతి పేరుకూ ఒక తియ్యటి అర్థం రాసి ఉంటుంది. వాటిలో కొన్ని కల్పించినవే. "దీనికి సంస్కృతంలో వెలుగు అని అర్థం" అని కనిపించగానే నమ్మకండి. తెలుగు, సంస్కృత నిఘంటువులు ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతికే వీలుంది. ఆంధ్రభారతి సైట్‌లో ఒకేసారి అనేక నిఘంటువుల్లో చూడవచ్చు. సంస్కృత పదమని చెప్పే పేరు ఏ సంస్కృత నిఘంటువులోనూ కనిపించకపోతే, అది ఇటీవల అక్షరాలు కూర్చి చేసిన పేరై ఉండే అవకాశం ఎక్కువ. అలాంటిది పెట్టుకోవచ్చు, లేని అర్థాన్ని మాత్రం బిడ్డకు చెప్పకండి. "ఈ ధ్వని నచ్చి పెట్టాం" అనడం నిజాయితీగా ఉంటుంది.

కొన్నిసార్లు నిఘంటువు చిన్న ఆశ్చర్యాలు చూపిస్తుంది. జలజ, నీరజ, సరోజ, అంబుజ, పంకజ, అన్నీ తామరపువ్వే. వనజ కూడా తామరే, ఎందుకంటే వనం అన్న మాటకు నీరు అనే అర్థం కూడా ఉంది. తనూజ అంటే కూతురు. అనామిక అంటే పేరు లేనిది, ఉంగరపు వేలు కూడా. నచ్చితే నచ్చుతుంది, లేకపోతే ముందే తెలిసింది కదా.

లింగం విషయం కూడా ఇక్కడే చూసుకోండి. మనకు పంకజం ఆడవాళ్ళ పేరు, ఉత్తరాదిలో పంకజ్ మగవాళ్ళ పేరు. శశి, కిరణ్ ఇద్దరికీ నడుస్తాయి. పుట్టేది ఎవరో ముందు తెలియదు కాబట్టి, మీ జాబితాలో ఇద్దరికీ సరిపోయేవి రెండైనా ఉండటం మంచిది.

4. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, తెలియనివాళ్ళ చేత చదివించండి

ఎక్కడ బతికినా మన పిల్లల పేర్లు సర్టిఫికెట్లలో, పాస్‌పోర్టులో, ఈమెయిల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే తిరుగుతాయి. తెలుగు అచ్చుల పొడవు అక్కడ పోతుంది. కల, కళ, కాల మూడూ ఒకేలా కనిపిస్తాయి. రమ, రామ కూడా అంతే. మనం తకారానికి టీ పక్కన హెచ్ పెట్టే అలవాటు ఉన్నవాళ్ళం. సరితను అలా రాస్తే హిందీవాళ్ళు "సరిథ" అని చదువుతారు. హెచ్ తీసేస్తే ఇంగ్లీషువాళ్ళు "సరిట" అంటారు. రెండిటిలో ఏది భరించగలరో మీరే తేల్చుకోవాలి. అందరి నోటా సరిగ్గా పలికే అక్షరక్రమం కొన్ని పేర్లకు లేనే లేదు.

పేరు చివర "క్షిత్" వచ్చే పేర్లను మాత్రం జాగ్రత్తగా చూడండి. ఇంగ్లీషులో రాస్తే అందులో ఒక బూతుమాట కనిపిస్తుంది. బడిలో పిల్లలు దాన్ని వదిలిపెట్టరు. మీ ఇంటిపేరు మొదటి అక్షరం, పేరు మొదటి అక్షరం కలిపి రాసి చూడటం కూడా ఒక నిమిషం పనే.

విదేశాల్లో స్థిరపడిన కుటుంబాలకు రెండు ఒడ్డులనూ కలిపే పేర్లు కొన్ని ఉన్నాయి: మాయ, తార, నీల్, మీరా, కిరణ్. ఐర్లండ్‌లో కిరణ్‌కు దగ్గరగా వినిపించే కీరన్ అనే పేరుంది, తార అక్కడా అమ్మాయిల పేరే. అయితే ఆ ఒక్క సౌకర్యం కోసం మీకు ఇష్టమైన పేరును వదులుకోమని నేననను. కష్టమైన పేర్లను కూడా లోకం నేర్చుకుంటుంది, ఓపికగా రెండుసార్లు చెప్పాలంతే.

పొడవు సంగతి. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి. ఒక్కో వరుసలో 44 స్థానాలు. పై వరుసలో మొదటి 5 పత్రం రకానికీ, దేశం సంకేతానికీ పోతాయి. మిగిలిన 39లో ఇంటిపేరు, పెట్టిన పేర్లు, వాటి మధ్య ఖాళీలు అన్నీ ఇమడాలి. అంతకు మించితే పేరును కత్తిరిస్తారు. అలాగే పేరును రెండు మాటలుగా విడగొట్టి రాస్తే, రెండో మాట మధ్యపేరుగా మారి కొన్ని పత్రాల్లో మాయమవుతుంది. "సాయి" ముందు విడిగా ఉన్నవాళ్ళను దరఖాస్తులన్నీ ఉత్త "సాయి" అనే పిలుస్తాయి. పిలిచే పేరు ఏదో అదే మొదటి మాటగా ఉండాలి, లేదా రెండూ కలిపి ఒకే మాటగా రాయాలి.

ఈ అడుగుకు పరీక్ష తేలిక. ఒక స్నేహితుడికి ఫోన్ చేసి పేరు ఒక్కసారి చెప్పి రాయమనండి. ఇంకొకరికి రాసి పంపి చదవమనండి. ఇద్దరూ తడబడితే ఆ పేరు పక్కన ఒక గుర్తు పెట్టుకోండి.

5. ఎంతమందికి ఉందో చూడండి

అందరికీ ఉన్న పేరు వద్దనుకునేవాళ్ళు కొందరు, ఎవరికీ లేని పేరంటే భయపడేవాళ్ళు కొందరు. రెండూ న్యాయమైనవే. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ సంస్థ 1880 నుంచి పుట్టినవాళ్ళ పేర్ల లెక్కలు అందరికీ కనిపించేలా పెట్టింది. ఏడాదిలో 5 మందికంటే తక్కువమందికి పెట్టిన పేర్లు మాత్రం అందులో చూపరు. అక్కడ 1970 నుంచి 1984 దాకా ఆడపిల్లల పేర్లలో జెనిఫర్ వరుసగా మొదటి స్థానంలో ఉంది. ఇవాళ ఆ పేరు వినగానే మనిషి వయసు సుమారుగా తెలిసిపోతుంది. అలాంటి జాబితాలు చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి: ఒకే పేరును రెండు అక్షరక్రమాల్లో రాస్తే రెండు పేర్లుగా లెక్కిస్తారు. కాబట్టి కాగితం మీద కనిపించేదానికంటే చెవికి ఆ పేరు ఎక్కువగా వినిపిస్తుంది.

లెక్కలు దొరకనిచోట మీకు తెలిసిన చిన్నపిల్లల పేర్లు ఒక వరుసలో రాయండి. ఒకే ముగింపు ఎన్నిసార్లు వచ్చిందో కనిపిస్తుంది. మీరు అరుదనుకున్న పేరు ఆ వరుసలో కలిసిపోతే, అది అరుదు కాదు.

ప్రసిద్ధుల పేరో, అప్పుడే అందరి నోటా నానుతున్న పాత్ర పేరో పెట్టాలనిపిస్తే కొన్నేళ్ళు ఆగి చూడటం మంచిది. ఎంత జాగ్రత్తపడినా కొన్ని మన చేతిలో ఉండవు. అలెక్సా అనే పేరు అమెరికాలో బాగా నడిచేది. 2014లో అమెజాన్ తన మాట వినే యంత్రానికి అదే పేరు పెట్టాక ఆ పేరు పెట్టడం బాగా తగ్గిపోయింది. ఈజిప్టు దేవత ఐసిస్ పేరు పెట్టుకున్నవాళ్ళకూ ఉగ్రవాద సంస్థ మూలంగా కష్టం వచ్చింది. ఇలాంటివాటికి ముందే భయపడి ప్రయోజనం లేదు.

6. మీరున్న దేశపు నియమాలు

ఒక్కసారి చూస్తే చాలు. న్యూజిలాండ్‌లో పేరు 70 అక్షరాలు దాటకూడదు, బిరుదులు, పదవులు పేరుగా ఒప్పుకోరు. జపాన్‌లో పేరుకు వాడదగిన కంజి అక్షరాల పట్టిక ఉంది, దాని బయటి కంజి కుదరదు. ఫ్రాన్స్‌లో 1993 నుంచి తల్లిదండ్రులకు స్వేచ్ఛ ఇచ్చారు గానీ బిడ్డకు నష్టం అనిపిస్తే అధికారి విషయాన్ని కోర్టుదాకా తీసుకెళ్ళవచ్చు. ఒక పాపకు చాక్లెట్ పూత బ్రాండు నుటెల్లా పేరు పెట్టబోతే అక్కడి న్యాయమూర్తి ఎల్లా అని మార్చారు.

7. ఇద్దరూ విడివిడిగా రాసి, తరవాత కలపండి

జీవిత భాగస్వామి ఉంటే, మీ జాబితా మొత్తం ముందే చూపించి "ఎలా ఉంది" అని అడగకండి. చూపించిన క్షణం నుంచి అది మీ జాబితా, ఎదుటివాళ్ళు న్యాయనిర్ణేత. ఇద్దరూ విడిగా పదేసి పేర్లు రాయండి. కాగితాలు మార్చుకోండి. ఎదుటివాళ్ళ పేర్లలో ప్రతిదానికీ మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: ఇష్టం, పరవాలేదు, వద్దు. వద్దు అన్నదానికి కారణం అడగకూడదనే ఒప్పందం ముందే ఉండాలి. చిన్నప్పుడు ఏడిపించినవాళ్ళ పేరో, పోయిన మనిషి పేరో కావచ్చు. కొన్ని కారణాలు చెప్పుకోవడం కష్టం. "పరవాలేదు" అన్నవాటిని తేలిగ్గా తీసుకోకండి. వారం తరవాత మళ్ళీ చూస్తే అందులోంచే ఒకటి పైకి రావడం మామూలే.

ఇంట్లో పెద్దవాళ్ళకు ఎప్పుడు చెప్పాలనేది మీ ఇష్టం. నా సలహా: ఇంకా తేలని పేర్లు చెప్పి అభిప్రాయం అడగవద్దు. తేలాక చెప్పండి, "ఎలా ఉంది" అనకుండా "ఇది పెడుతున్నాం" అని. పెద్దల పేరు నిలపాలన్న కోరిక ఇంట్లో బలంగా ఉంటే, దాన్ని రెండో పేరుగా ఇవ్వడం చాలా ఇళ్ళలో గొడవ లేకుండా కుదిరిన మార్గం.

ఒకరికంటే ఎక్కువమంది పిల్లలు కావాలనుకుంటే పేర్లను జతలుగా కూడా పిలిచి చూడండి. రమ్య, సౌమ్య వినడానికి బాగుంటాయి. కానీ పక్కగదిలోంచి పిలిస్తే ఇద్దరూ పలుకుతారు. ఇద్దరి మొదటి అక్షరాలూ ఒకటే అయితే కాగితాలు, రిపోర్టులు ఒకరివి ఒకరికి చేరతాయి. కవల పిల్లలకైతే పుట్టినతేదీ కూడా ఒకటే కాబట్టి ఈ జాగ్రత్త తప్పనిసరి.

8. కాలానికి వదిలెయ్యండి

అన్ని పరీక్షలూ దాటిన పేర్లు ఐదారు మిగిలితే చాలు. వాటిని మూసి పక్కన పెట్టండి. ఆరునెలలకో ఏడాదికో తెరవండి. చూడకుండా ఏవి గుర్తుకొచ్చాయో అవే మీవి. మిగతావి మర్యాదగా కొట్టెయ్యండి, కానీ చెరపకండి. ఒకప్పటి మీ ఇష్టాలు అలా ఉండనివ్వండి.

మీరు దాచుకున్న పేరు అక్క బిడ్డకో స్నేహితురాలి బిడ్డకో పెట్టేస్తే బాధ కలుగుతుంది. సహజమే. అయినా పేరు ఎవరి సొత్తూ కాదు, మీరు దాచుకున్నట్టు వాళ్ళకు తెలియనే తెలియదు. రోజూ కలిసే కుటుంబమైతే వేరే పేరు చూసుకోండి. ఏడాదికోసారి కలిసేవాళ్ళయితే ఒక మాట చెప్పి అదే పేరు పెట్టుకోండి. వాళ్ళు చాలావరకు సంతోషిస్తారు.

ఇంకొకటి చెప్పాలి. బిడ్డకోసం ఎదురుచూపు పొడవైపోయినవాళ్ళకూ, కడుపులో ఉండగానే బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళకూ ఈ జాబితా తెరవడమే కష్టంగా ఉంటుంది. అప్పుడు తెరవకండి. ఆ బిడ్డకు అనుకున్న పేరు ఆ బిడ్డదే అనిపిస్తే అలాగే ఉంచేయండి. తరవాత పుట్టేవాళ్ళకు అదే పెట్టితీరాలన్న నియమం ఏమీ లేదు, పెట్టకూడదన్న నియమమూ లేదు.

9. బిడ్డ పుట్టాక

మూడు నాలుగు పేర్లతోనే వెళ్ళండి, ఒకదానితో కాదు. ఒక రోజంతా ఒక పేరుతో, మర్నాడు ఇంకో పేరుతో బిడ్డను పిలిచి చూడండి. ఏది వెతుక్కోకుండా నోటికి వస్తుందో ఆ ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక ఏడో అధికరణం ప్రకారం, పుట్టిన వెంటనే నమోదు కావడం, పుట్టుకతోనే పేరు పొందడం ప్రతి బిడ్డకూ హక్కు. కాబట్టి పేరు తేలలేదని జనన నమోదు ఆపకండి. గడువు, పేరు తరవాత చేర్చే వీలు గురించి నమోదు కార్యాలయంలోనే అడగండి.

పేరు ఖాయమయ్యాక ఒక చీటీ మీద తెలుగులోనూ, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనూ రాయండి. ఖాళీ ఎక్కడుంది, ఇంటిపేరు ముందా వెనకా, అన్నీ అందులో తేలిపోవాలి. ఆసుపత్రి ఫారం, జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు దరఖాస్తు, బడి రిజిస్టరు, ఏది నింపినా నోటితో చెప్పకుండా ఆ చీటీ చూసి నింపండి, నింపేవాళ్ళకు కూడా ఆ చీటీయే ఇవ్వండి. ధ్రువపత్రం అచ్చు వేసేముందు తప్పులు చూసుకోవడానికి ఇస్తే, ఒక్కో అక్షరం వేలుపెట్టి చదివి సంతకం చెయ్యండి.